ఆధార్ నంబర్ మీద నల్ల గీత కొట్టి అప్‌లోడ్ చేస్తే చాలదా?

అద్దె ఇళ్లు చూపించే యాప్ ఆధార్ ఫోటో అడుగుతోంది, నంబర్ మీద మార్కర్‌తో దిద్దేసి పెడితే భయం లేదు కదా అని అడిగారు. భయం ఉంది. మీరు దిద్దింది నంబర్ని. పక్కనున్న క్యూఆర్ కోడ్‌ని అలాగే వదిలేశారు.

ఎప్పుడో పోస్టులో వచ్చిన పాత ఆధార్ కాగితాన్నే లామినేషన్ చేయించి వాడేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఆ పాత క్యూఆర్‌ని ఏ మామూలు స్కానర్ యాప్‌కి చూపించినా యూఐడీ అని పడి, దాని పక్కనే 12 అంకెలూ వచ్చేస్తాయి. ఆ వెనకే పేరు, పుట్టిన సంవత్సరం, చిరునామా. సిరా అయిపోయేదాకా దిద్దినా ఒరిగేదేమీ లేదు. కొత్త క్యూఆర్‌లో చివరి 4 అంకెలే ఉంటాయి గానీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో అందులోనూ ఉంటాయి.

ఫోన్‌లో దిద్దేవాళ్లది ఇంకో తంటా. హైలైటర్ బ్రష్‌తో రుద్దితే నల్లగానే కనిపిస్తుంది, కాంట్రాస్ట్ పెంచితే అంకెలు తేలతాయి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే దాని కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొట్టుకోవచ్చు. పైగా నంబర్ ఒకచోటే ఉండదు: ఉత్తరం పైభాగాన ఒకసారి, కార్డు ముందు, వెనక మళ్లీ. ఒక సైటుకి మొదటి 8 దాచి, ఇంకోదానికి చివరి 4 దాచి పంపారనుకోండి, రెండూ ఒకరి చేతిలో పడితే నంబర్ పూర్తయినట్టే.

కాబట్టి గీతలు మానేయండి. మైఆధార్ పోర్టల్లో ఓటీపీతో లాగిన్ అయ్యి, డౌన్‌లోడ్ ఆధార్‌లో మాస్క్‌డ్ ఆధార్ (మొదటి 8 అంకెలు దాచిన కార్డు) అన్న గడిలో టిక్ పెట్టి దించుకోండి. ఆ ఫైలు పాస్‌వర్డ్ పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ కార్డు చూసినవాడికి ఆ రెండూ తెలుసు, కాబట్టి దాన్ని తాళం అనుకోకండి. తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, క్యూఆర్‌ని కత్తిరించి, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో ఫోటో మీదుగా అడ్డంగా రాయండి. అంచున రాస్తే కత్తిరించేస్తారు.

అసలు కార్డు ఫోటో తీసుకోవడాన్ని వెరిఫికేషన్ అనడమే నాకు నచ్చదు. కాపీ ఎవరి దగ్గరుంటే వాడు పెట్టొచ్చు, అందులో రుజువయ్యేదేముంది? ఆధార్ నంబర్ లేకుండా డిజిటల్ సంతకంతో వచ్చే, మీ వివరాలు రుజువు చేసే ఆఫ్‌లైన్ ఈకేవైసీ ఫైలు ఉంది, అడిగేవాళ్లే తక్కువ. 2022 మే 27న ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ బెంగళూరు కార్యాలయం ఆధార్ జిరాక్సులు ఎవరికీ ఇవ్వొద్దని ప్రకటన ఇస్తే, రెండు రోజుల్లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ కార్యాలయం చెప్పింది సబబైన మాటే.

మీ యాప్‌కి డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తానని అడిగి చూడండి. కార్డు చేత్తో పట్టుకుని సెల్ఫీ దిగమంటే మాత్రం ఒప్పుకోవద్దు. పాన్, పుట్టిన తేదీ, ఆ సెల్ఫీ ఒకచోట చేరితే మీ పేరున అప్పు పుట్టించడానికి ముడిసరుకు సిద్ధం.

ఇప్పటికే పంపేసి ఉంటే ముందు మైఆధార్ పోర్టల్లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రల వాడకాన్ని ఆపేసేది) వేయండి. ఆధార్ నంబరూ దస్తావేజుల మీది వేలిముద్రా దొరికితే ఏఈపీఎస్‌లో (ఆధార్, వేలిముద్రతో బ్యాంకు డబ్బు తీసే పద్ధతి) ఖాతా ఖాళీ చేసేవాళ్లున్నారు, లాక్ ఉంటే ఆ ముద్ర పనిచేయదు. రేషన్ షాపులో మీ వేలూ పనిచేయదు, వెళ్లేముందు తాత్కాలికంగా తీయండి, లేకపోతే డీలర్‌తో గొడవ. అదే పోర్టల్లో ఆథెంటికేషన్ హిస్టరీ చూస్తే గత 6 నెలల్లో ఆధార్ ఎక్కడ వాడారో తెలుస్తుంది. మీ పేరున ఉన్న సిమ్‌ల లెక్క ప్రభుత్వ టెలికాం సైటు సంచార్ సాథీలో దొరుకుతుంది.

మీ పేరున ఉన్న అప్పుల చిట్టా, అంటే క్రెడిట్ రిపోర్టు, దాన్ని తయారుచేసే ప్రతి క్రెడిట్ బ్యూరో నుంచీ ఏడాదికోసారి ఉచితం. నాలుగు బ్యూరోలున్నాయి, మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా సరిపోతుంది. అందులో లోన్ల పట్టిక కంటే ముందు ఎంక్వైరీల భాగం (అప్పు కోసం మీ రిపోర్టు అడిగిన సంస్థల జాబితా) చూడండి. లోన్ ఖాతా నమోదు కావడానికి టైం పడుతుంది, ఎంక్వైరీ ముందే పడుతుంది. మీరు అడగని సంస్థ పేరు అక్కడ కనిపిస్తే ఆ సంస్థకీ బ్యూరోకీ అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.