లాటిన్ పేరు తగిలించే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, చెట్టుని చూసి రాశావని తెలుస్తోంది. అయితే ప్రతి చెట్టు పక్కనా ఓ లాటిన్ పేరు తగిలించి వదిలేశావు, విజిటింగ్ కార్డు మీద డిగ్రీల్లాగా. అది అక్కడెందుకుందో పాఠకుడికి అర్థం కాదు. నీకూ పూర్తిగా తెలియదేమోనని నా అనుమానం. అందుకే ఈ ఉత్తరం.

వేప, తురకవేప, కరివేప. మూడింట్లోనూ వేప ఉంది. మొదటి రెండూ ఒకే కుటుంబానివి, మూడోది నిమ్మ కుటుంబానిది. అజాడిరాక్టా ఇండికా, మెలియా అజెడరాక్, ముర్రయా కోనిగై అని రాస్తే ఏ భాషవాడికైనా ఏది ఏదో తెలిసిపోతుంది. మొదటి మాట ప్రజాతి, రెండోది కలిస్తే జాతి. ఇంతవరకు నీకు స్కూల్లోనే చెప్పుంటారు.

స్కూల్లో చెప్పనిది, ఈ పద్ధతి రాకముందు పేర్లు ఎలా ఉండేవన్నది. ఫైసాలిస్ అనే ప్రజాతిలో ఒక మొక్కకు లాటిన్‌లో ఉన్న పేరుని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘ఏడాదే బతికే, బాగా కొమ్మలు వేసే, కొమ్మలు కోణాలు తేలి నున్నగా ఉండే, ఆకుల అంచులు రంపపు పళ్లలా ఉండే ఫైసాలిస్’. దీన్ని పేరు అనడం కంటే ఆనవాళ్ల జాబితా అనడం నయం. అలాంటిదే ఇంకో మొక్క దొరికితే, తేడా తెలియడానికి పేరుని ఇంకాస్త సాగదీయాలి. ఈ రెండు మాటల పద్ధతిని నిలబెట్టిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వేసిన ‘స్పీషీస్ ప్లాంటారం’ పుస్తకంలో కూడా ఈ పొడుగు పేర్లను తీసెయ్యలేదు. పక్కన పేజీ అంచులో ఒక్క మాట వేశాడు: అంగులాటా, అంటే కోణాలు తేలినది. చివరికి అంచులో వేసిందే నిలిచింది. పూల మొక్కల పేర్లకు ఈనాటికీ లెక్క 1753 మే 1 నుంచే మొదలు.

అంటే పేరుకి వర్ణించే పని పోయింది. నువ్వు పొరపడింది సరిగ్గా ఇక్కడే. ‘ఇండికా అని ఉంది కాబట్టి చింత మన దేశపు చెట్టే’ అని రాశావు. టామరిండస్ ఇండికా పుట్టిల్లు ఆఫ్రికా. సిల్లా పెరూవియానా అని ఇంకోటుంది, మధ్యధరా తీరపు మొక్క, దానికీ పెరూకీ ఏ సంబంధమూ లేదు. అర్థం పొసగలేదని పేరుని కొట్టెయ్యడానికి వీల్లేదని మొక్కల పేర్ల అంతర్జాతీయ నియమావళిలోనే ఉంది. ఈ మధ్య మాత్రం ఓ మినహాయింపు వచ్చింది. ఆఫ్రికా నల్లజాతివాళ్లని కించపరిచే మాట నుంచి వచ్చిన ‘కాఫ్రా’ని ‘ఆఫ్రా’గా మార్చాలని 2024లో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశంలో ఓటేశారు. 200కి పైగా పేర్లు దీంతో మారాయి. నాకైతే సబబుగానే అనిపించింది.

మరి పేరు దేనికి కట్టుబడి ఉంటుందంటావా? ఒక ఎండుకొమ్మకి. హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని దాచే చోట, మందపాటి కాగితానికి అతికించి ఉంటుంది. ఒక మూల చీటీ, దాని మీద సేకరించినవాళ్ల పేరు, చోటు, తేదీ. దాన్ని టైప్ నమూనా అంటారు. 1958 నుంచి కొత్త జాతికి పేరు పెట్టేవాళ్లు టైప్ ఏదో చెప్పకపోతే ఆ పేరు చెల్లదు. 2012 నుంచి వర్ణన లాటిన్‌లోనే రాయక్కర్లేదు, ఇంగ్లిష్‌లో రాసినా ఒప్పుకుంటున్నారు.

ఒకే మొక్కకు రెండు పేర్లుంటే ముందుదే గెలుస్తుంది. తులసికి లిన్నేయస్ తనే 1753లో ఆసిమమ్ టెన్యూఫ్లోరమ్ అనీ, 1767లో ఆసిమమ్ సాంక్టమ్ అనీ రెండు పెట్టాడు. ‘పవిత్రమైన’ అనే అర్థమొస్తుందని నువ్వు రెండోదే వాడావు. మొదటిదే వాడు.

స్పెల్లింగ్ సంగతి కూడా. వరి ఒరైజా సటైవా, కుంకుమపువ్వు క్రోకస్ సటైవస్, వెల్లుల్లి అల్లియం సటైవం. మాట ఒకటే, ప్రజాతి పేరు లింగాన్ని బట్టి చివర మారుతుంది. అన్నీ ఒకేలా ఉండాలని దిద్దబోకు.

ఇక నువ్వు రాస్తానన్న నల్లతుమ్మ. దీని కథ తెలిస్తే నేను పైన చెప్పిందంతా ఎంత గట్టి వ్యవహారమో తెలుస్తుంది. జాతి పేరుకి ఎండుకొమ్మ టైప్ అయినట్టే, ప్రజాతి పేరుకి ఒక జాతి టైప్‌గా ఉంటుంది. అకేషియా అన్న ప్రజాతి పేరుకి టైప్ ఈ తుమ్మే. తర్వాత ఆ ప్రజాతిలోకి 1,000కి పైగా జాతులు వచ్చి చేరాయి, ఎక్కువ భాగం ఆస్ట్రేలియావి. ఇవన్నీ ఒకే వంశం కాదని పరిశోధనల్లో తేలాక విడగొట్టక తప్పలేదు. నియమం ప్రకారం టైప్ ఎటుంటే పేరు అటే. అలా చేస్తే ఆస్ట్రేలియా చెట్లకు వందల కొద్దీ పేర్లు మార్చాలి. 2005లో వియన్నాలో జరిగిన అలాంటి సమావేశంలోనే టైప్‌నే మార్చేసి, ఒక ఆస్ట్రేలియా జాతికి ఇచ్చారు. పెద్ద గొడవే అయింది. 2011లో మెల్‌బోర్న్‌లో మళ్లీ చర్చకొచ్చినా ఆ నిర్ణయమే నిలబడింది. అలా తుమ్మ తన పేరు తనే పోగొట్టుకుని వాచెల్లియా నిలోటికా అయింది. గెలిచిన పక్షం వాదన నాకు అర్థమవుతుంది గానీ, మనసొప్పదు.

కొత్త పేరు వెనక బ్రాకెట్లో ‘ఎల్’ అనే అక్షరం కనిపిస్తుంది. అది లిన్నేయస్. ఆయన దీన్ని మిమోసా నిలోటికా అన్నాడు. ప్రజాతి మారినా నిలోటికా మారలేదు కాబట్టి, మొదట పెట్టినవాడిని బ్రాకెట్లో ఉంచి, ప్రజాతి మార్చినవాళ్లను దాని వెనక రాస్తారు. వ్యాసంలో వాచెల్లియా నిలోటికా అని రాసి, పాత పేరు అకేషియా నిలోటికా అని ఒకసారి చెప్పు. పాత పుస్తకాల్లో వెతుక్కునేవాళ్లకి అదే దొరుకుతుంది.

రాయడం అయ్యాక పంపించు.

ఉంటాను.