మేస్త్రీకీ కరెంటు అతనికీ నిజంగా పడదా?

"మా ఇంటి పని నడుస్తోంది. మేస్త్రీ, కరెంటు అతను, ప్లంబరు పొద్దస్తమానం ఒకరినొకరు అంటూనే ఉంటారు. పని చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

టెన్షన్ వద్దండీ. నేను హనుమకొండలో పదహారేళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. అందరూ నోరు మూసుకుని పని చేసుకునే సైటంటేనే నాకు భయం.

మా మేస్త్రీకి నేను "గోడలు పలగ్గొట్టేటోడిని". నాకు ఆయన "డబ్బాలు పూడ్చేటాయన". ప్లంబరును మాత్రం ఇద్దరం కలిసి ఏడిపిస్తాం. రామప్ప గుడి గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలతాయి కదా, బాత్రూం గోడకు చెమ్మ కనబడితే చాలు, మేస్త్రీ మొదలుపెడతాడు: "ఎనిమిది వందల ఏండ్ల కిందనే మావోళ్లు నీళ్ల మీద తేలే ఇటుక చేసిన్రు. నువ్వు పైపుల నీళ్లు పైపుల ఆపలేకపోతివి!" స్లాబ్ దావత్‌లో ముక్కలు ఎవరికి ఎక్కువ పడ్డాయన్నది వేరే పంచాయితీ.

అసలు గొడవ వరసతో వస్తుంది. ఒకరి పని మీదే ఇంకొకరు పని చేయాలి. స్లాబ్ పోసేటప్పుడు ఎవరి కాలో తగిలి వైర్ల పైపు జాయింటు ఊడితే, సిమెంటు పాలు లోపలికి పోయి గడ్డకడతాయి. నెల తర్వాత వైరు లాగబోతే కదలదు. మేస్త్రీ కోపంలోనూ న్యాయముంది. నాలుగున్నర అంగుళాల గోడను నేను అడ్డంగా కోస్తే గోడ బలం పోతుంది. మొదట్లో కోశాను కూడా, తిట్లు తిన్నాను.

ఇక డబ్బాల సంగతి. స్విచ్ డబ్బాల్లో పేపర్ కుక్కి పోతాను. ప్లాస్టరింగ్ అయ్యాక వస్తే ఒకటో రెండో మాయం. స్క్రూడ్రైవర్ వెనక వైపుతో గోడంతా కొట్టుకుంటూ, బోలుగా మోగేచోటు వెతకాలి. మేస్త్రీ గోవ (పరంజా) మీద కూర్చుని "ఏంది తమ్మీ, తలుపు కొడుతున్నవా? లోపల ఎవరు లేరు" అంటాడు. మీరు మాత్రం ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి గోడకూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

పోయినేడు ఆయన ఊళ్లో సొంత ఇల్లు కట్టుకుంటే వైరింగ్‌కు నన్నే పిలిచాడు. వెళ్లి చూస్తే ఒక్క డబ్బా కూడా పూడలేదు, అంచులు కూడా నున్నగా తీర్చి ఉన్నాయి. "ఇన్నేండ్లు ఈ పనితనం ఎక్కడ దాచినవ్ అన్నా?" అన్నాను.

"ఇది నా ఇల్లు గదరా" అన్నాడు.