ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ చేయిస్తే టైటిల్ మనదైపోతుందా?

మీరు అడిగినవి రెండు: ఛాంబర్ ప్రభుత్వ సంస్థేనా, అక్కడ రిజిస్టర్ చేసిన పేరు ఇంకొకరు వాడకుండా చట్టం ఆపుతుందా. రెండింటికీ జవాబు కాదనే.

ఛాంబర్ అంటే నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు, ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవాళ్లు), స్టూడియోలవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం. మన సినిమాలు మద్రాసులో తయారవుతున్న రోజుల్లో, 1939లో, దక్షిణాది భాషలన్నిటికీ కలిపి సౌత్ ఇండియన్ ఫిల్మ్ ఛాంబర్ ఏర్పడింది. దాని అవసరం యుద్ధకాలంలో బాగా తెలిసొచ్చింది. ముడి ఫిల్ము దిగుమతి సరుకు. 1942లో ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు కుదించింది, మరుసటేడు ఫిల్ముకు లైసెన్సు పెట్టింది. ఇలాంటప్పుడు ఒక్కో నిర్మాత విడిగా వెళ్లి మొరపెట్టుకుంటే వినే నాథుడుండడు. ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు ఫిల్మ్ ఛాంబర్ చేసేదీ ప్రధానంగా అదే: పన్నులు, టికెట్ రేట్లు, కార్మికుల వేతనాల మీద అందరి తరఫునా మాట్లాడడం.

దాని బలమంతా సభ్యుల కట్టుబాటులోనే ఉంది. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలు వసూలు చేసే వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీ) చార్జీలు తగ్గించాలని 2018 మార్చి 2 నుంచి థియేటర్లు మూసేయగలిగారంటే అందువల్లే. కానీ ఆ కట్టుబాటును బయటివాళ్ల మీద రుద్దితే చట్టం ఊరుకోదు. తమ దగ్గర రిజిస్టర్ చేయని సినిమాల విడుదలకు అడ్డుపడినందుకు 2012లో వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ కర్ణాటక ఛాంబర్‌తో సహా పలు సంఘాలకు జరిమానా వేసింది. నా దృష్టిలో అది సరైన తీర్పే.

ఇక టైటిల్. ముందు బ్యానర్ పేరుతో సభ్యత్వం తీసుకోవాలి, తర్వాత ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి. అదే పేరో, వినడానికి అలాగే ఉండే పేరో ఇప్పటికే రిజిస్టరై ఉంటే తిప్పి పంపుతారు. గడువు లోపల రెన్యువల్ చేయకపోతే పేరు చేజారుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే స్క్రిప్టు దశలో రిజిస్టర్ చేసి, షూటింగ్ హడావుడిలో మర్చిపోతారు. పైగా ఒక సంఘంలో ఖాళీగా ఉన్న పేరు ఇంకో సంఘంలో వేరొకరి దగ్గర ఉండొచ్చు. పాన్ ఇండియా విడుదల అనుకుంటే ముంబైలోని సంఘాల్లోనూ వాకబు చేయండి.

ఒట్టి టైటిల్‌కు కాపీరైట్ ఉండదని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోర్టులో నిలబడే హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్‌కు 41వ క్లాసులో (వినోద సేవల విభాగం) దరఖాస్తు చేయండి, ఫస్ట్ లుక్ వదలక ముందే. మధ్యలో బ్యానర్ మారితే పాత బ్యానర్ నుంచి టైటిల్ బదిలీ పత్రం రాయించుకోండి.