భుజం మీద ర్యాంకు, చేతి అంచున బాధ్యత

ప్రశ్న: మా నాన్నగారు కంపెనీ హవల్దార్ మేజర్‌గా పనిచేసి రిటైరయ్యారు. రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక ఫోటోలో, చొక్కా చేతుల అంచున రెండేసి పట్టీలున్న జర్మన్ సైనికుణ్ణి చూసి ‘ఇతనిదీ మా ఉద్యోగమే’ అన్నారు. భుజపట్టీని బట్టి అతడు ఓబెర్‌ఫెల్డ్‌వేబెల్ అని మా అబ్బాయి అంటున్నాడు. ఫోటో కింద హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ అని ఉంది. ఏది సరి?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్

జవాబు: రెండూ సరే, మీ నాన్నగారి మాట కూడా సరే. అంచున పట్టీ, రెండు నక్షత్రాలు ఉన్న భుజపట్టీ అతని ర్యాంకును చెబుతుంది. చేతి అంచున ఉన్న జంట పట్టీలు అతనికి అప్పగించిన పనిని చెబుతాయి. మన సైన్యంలో కంపెనీ హవల్దార్ మేజర్ అన్నది హవల్దారుకు ఇచ్చే నియామకమే తప్ప వేరే ర్యాంకు కానట్టే, హిట్లర్ కాలపు జర్మన్ సైన్యంలో హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ కూడా నియామకమే.

అసలు ఫెల్డ్‌వేబెల్ పుట్టుకే ఒక పనిగా జరిగింది. పదహారో శతాబ్దపు జర్మన్ కిరాయి పటాలాలలో, బల్లేలు పట్టిన వందలాది మందిని యుద్ధానికి ముందు వరుసల్లో నిలబెట్టేవాడు అతడే. తర్వాత ప్రష్యన్ సైన్యంలో అతడు కంపెనీకి ఒక్కడే ఉండే పెద్ద నాన్ కమిషన్డ్ ఆఫీసరయ్యాడు. హాజరు పట్టీ, డ్యూటీల పంపకం, కుర్రాళ్ల క్రమశిక్షణ అన్నీ అతని చేతిలోనే ఉండడంతో సిపాయిలు అతణ్ణి ‘కంపెనీ తల్లి’ అనేవారు, ఆ తల్లి గారాబం చేసే రకం కాకపోయినా. అధికారుల్లాగే కత్తికి కుచ్చు కట్టుకునే హక్కు అతనికి ఉండేది. కత్తులు పోయినా, ఫెల్డ్‌వేబెల్ వర్గాన్ని జర్మన్ సైన్యం నేటికీ ‘కుచ్చు గలవారు’గానే లెక్కిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, లక్ష మందికి కుదించిన సైన్యంలో, ఈ పేరు మెట్లు మెట్లుగా విడిపోయింది. ఫెల్డ్‌వేబెల్ పైన ఓబెర్‌ఫెల్డ్‌వేబెల్, కొంతకాలానికి ఆ పైన ష్టాబ్స్‌ఫెల్డ్‌వేబెల్ వచ్చాయి. ఒక కంపెనీలో ఇలాంటివారు పలువురు ఉండగలిగినప్పుడు, కంపెనీని నడిపేవాడెవరో వేరుగా చూపవలసి వచ్చింది. అందుకే ఆ జంట పట్టీలు. సిపాయిలు వాటిని ఇంజను పిస్టన్ రింగులతో పోల్చి వెక్కిరించేవారు. మీ దగ్గరున్న ఫోటోలో చొక్కా బొత్తాల మధ్య దోపిన నోటుపుస్తకం కూడా కనిపిస్తుందేమో చూడండి: ఎవరి పేరు అందులోకి ఎక్కుతుందోనని సిపాయిలు భయపడేది దానికే.

1955లో ఏర్పడిన పశ్చిమ జర్మనీ సైన్యంలో హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ అన్న పేరు, ఓబెర్‌ఫెల్డ్‌వేబెల్‌కు పైమెట్టుగా, నిజంగానే ర్యాంకు అయింది. పాత ఉద్యోగం మాత్రం కంపెనీ ఫెల్డ్‌వేబెల్ అన్న పేరుతో మిగిలింది. ఇప్పుడు దానికి గుర్తు కుడి భుజం నుంచి వేలాడే పసుపు తాడు. తూర్పు జర్మనీ సైన్యమేమో చివరిదాకా హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్‌ను నియామకంగానే ఉంచింది. కాబట్టి యుద్ధానంతర కాలపు ఫోటో మీ చేతికొస్తే, ఆ పేరు ర్యాంకా, నియామకమా అన్నది తేల్చే ముందు ఆ యూనిఫాం ఏ జర్మనీదో చూడవలసి ఉంటుంది.