పడకల కన్నా ముందు సిస్టర్లను లెక్కపెట్టు తల్లీ

అమ్మా, ఆశీస్సులు.

మీ ప్రసూతి ఆసుపత్రిలో ఎస్‌ఎన్‌సీయూని (జబ్బుపడ్డ, నెలలు తక్కువ పసికందుల ప్రత్యేక యూనిట్‌ని) 12 పడకల నుంచి 24కి పెంచుతున్నారని, ఆ పని నీకే అప్పగించారని విని చాలా సంతోషమేసింది. ఒక్కో వార్మర్ (పసిపిల్లలకు వెచ్చదనమిచ్చే మంచం) మీద ఇద్దరేసి పసిపిల్లల్ని పడుకోబెట్టే పరిస్థితి ఎప్పుడు పోతుందా అని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాం కదా. కానీ నువ్వు పంపిన ప్రపోజల్ చదివాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. వార్మర్లు ఎన్ని కావాలి, మానిటర్లు ఎన్ని, సీప్యాప్‌లు (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పరికరాలు) ఎన్ని అని పేజీలకు పేజీలు రాశావు. సిస్టర్ల గురించి మాత్రం చివర్లో ఒకే ఒక్క లైను, "అదనపు సిబ్బందిని కోరడమైనది" అని. ఆ లైను చూసి ఎవరూ పోస్టులు ఇవ్వరమ్మా.

పడకల లెక్క నీకు తెలిసిందే, ఏడాదికి 3000 కాన్పులకు 12, ఆపైన ప్రతి వెయ్యికీ ఇంకో 4. మీ దగ్గర ఆరు వేల కాన్పులు అవుతున్నాయంటున్నావు కాబట్టి 24 సబబే. బయటి నుంచి రిఫరల్ మీద వచ్చే పిల్లలు వేరే లెక్క, వాళ్లకు విడిగా గది ఉండాలి. ఇప్పుడు సిస్టర్ల లెక్క చూడు. ఒక్కో షిఫ్టులో ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక సిస్టర్ అనుకుంటే, తక్కువలో తక్కువ షిఫ్టుకి ఆరుగురు, మూడు షిఫ్టులకు పద్దెనిమిది మంది, సెలవులు, నైట్ ఆఫ్‌లు కలిపితే ఇరవై నాలుగు. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ దగ్గరైతే ఈ లెక్క కూడా చాలదు. ఈ సంఖ్యను కాన్పుల రిజిస్టర్ కాపీతో సహా కలెక్టర్ ముందు పెట్టు. పోస్టులు పన్నెండే వస్తే పన్నెండు పడకలే తెరువు, మిగతావి సిస్టర్లు వచ్చిన కొద్దీ తెరుచుకుంటూ పో. రిబ్బన్ కట్ చేసే రోజు 24 కనిపించాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది, అక్కడ మెత్తబడకు.

ఎందుకింత మొండిగా చెబుతున్నానంటే, రాత్రి రెండింటికి యూనిట్‌లో ఏం జరుగుతుందో ఒకసారి తలుచుకో. వార్మర్‌కి వేడి ఎంత ఇవ్వాలో చెప్పేది బిడ్డ పొట్ట మీద అతికించిన చిన్న ప్రోబ్. చెమటకో, బిడ్డ కదిలినందుకో ఆ ప్లాస్టర్ ఊడి ప్రోబ్ పక్కకి జారిందనుకో, బిడ్డ చల్లబడిందనుకుని మిషన్ వేడి పెంచుకుంటూ పోతుంది. అలారం మోగుతుంది, నిజమే, కానీ పది మంది పిల్లలకు ఒకే సిస్టర్ ఉంటే ఒక మూల కామెర్లకు లైటు కింద పెట్టిన ఫోటోథెరపీ బిడ్డకు పాలు పడుతూ, ఇంకో మూల మోగేది ఏ మిషనో కూడా పోల్చుకోలేదు. సీప్యాప్ సీసాలో బుడగలు ఆగిపోయాయంటే ముక్కు దగ్గర గొట్టం జారిందేమో వెంటనే చూడాలి. అనుభవమున్న సిస్టర్ ఆ బుడగల శబ్దం ఆగగానే తల తిప్పుతుంది. ఆ చెవి తయారవడానికి నెలలు పడుతుంది. అలాంటి మనిషిని జనరల్ డ్యూటీ రొటేషన్ పేరుతో వేరే వార్డుకి పంపించేస్తారు, ఆమె స్థానంలో కొత్తగా వచ్చిన పిల్ల మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. శిక్షణ పొందిన ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్లను కనీసం మూడేళ్లు కదపకూడదని సూపరింటెండెంట్ చేత రాతపూర్వకంగా ఆర్డరు ఇప్పించుకో. మొత్తం ప్రపోజల్‌లో డబ్బు ఖర్చు లేని పని ఇదొక్కటే, అందరూ మర్చిపోయేదీ ఇదే.

తర్వాత తల్లుల సంగతి. ఇప్పుడు మీ దగ్గర తల్లి పై అంతస్తులో, బిడ్డ కింద. సిజేరియన్ కుట్లతో మెట్లు దిగి వచ్చి కారిడార్‌లో నేల మీద కూర్చునే తల్లికి పాలు ఎలా వస్తాయి? 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం నీకు గుర్తుండే ఉంటుంది, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కూడా అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టి కంగారూ కేర్ మొదలుపెడితే, పరిస్థితి కుదుటపడ్డాక మొదలుపెట్టిన దానికన్నా మరణాలు 25 శాతం తగ్గాయి. కాబట్టి కొత్త ప్లాన్‌లో కొన్ని వార్మర్ల పక్కనే తల్లి మంచం పట్టేలా గీయించు, వాళ్లకు బాత్‌రూమ్, వేడినీళ్లు, భోజనం అక్కడికే అందేలా చూడు. గైనిక్ వాళ్లు "మా పేషెంట్‌ని అక్కడ ఎవరు చూస్తారు" అంటారు, రౌండ్స్ టైము వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకో. పనిలో పనిగా నెలలు నిండకుండా కాన్పు అయ్యే వాళ్లకు డెక్సామెథాసోన్ (కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు తల్లికి ఇచ్చే ఇంజెక్షన్) టైముకి పడుతోందో లేదో కూడా అడుగు. అది సరిగ్గా పడితే నీ సీప్యాప్‌ల మీద భారం తగ్గుతుంది.

కరెంటు విషయంలో కాంట్రాక్టర్ మాట నమ్మొద్దు. 2021 జనవరిలో మహారాష్ట్ర భండారాలో, 2024 నవంబరులో ఝాన్సీలో, రెండు చోట్లా ఇలాంటి యూనిట్లలోనే అగ్నిప్రమాదాల్లో కనీసం పదేసి మంది పసికందులు పోయారు. పాత వైరింగ్ మీద ఇంకో పన్నెండు వార్మర్లు తగిలిస్తే లోడు ఎంతవుతుందో ఎలక్ట్రికల్ ఇంజినీర్‌తో సంతకం పెట్టించుకో. రెండో ద్వారం ఉండాలి, దానికి తాళం ఉండకూడదు, దాని ముందు పాత అట్టపెట్టెలు పేర్చకూడదు. రాత్రి షిఫ్టు సిస్టర్లతోనే డ్రిల్ చేయించు.

ఆక్సిజన్ పైప్‌లైన్‌తో పాటు బ్లెండర్లు (ఆక్సిజన్‌ని గాలితో కావాల్సిన పాళ్లలో కలిపేవి) కూడా ఇండెంట్‌లో రాయి. నెలలు తక్కువ పిల్లలకు రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90 నుంచి 95 శాతం మధ్య ఉంచాలంటే బ్లెండర్ లేకుండా కష్టం, వట్టి ఆక్సిజన్ ధారాళంగా ఇస్తే రేపు కళ్లు పోయే ప్రమాదం ఉంది. 34 వారాల లోపు పుట్టిన వాళ్లకు, రెండు కిలోల లోపు ఉన్న వాళ్లకు నెల తిరిగేలోపు కంటి రెటీనా పరీక్ష జరగాలి. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ పెద్ద అక్షరాలతో రాయించు, నోటితో కూడా చెప్పించు.

వార్మర్ల కొటేషన్లు నాకు పంపక్కర్లేదు, అవి నువ్వు చూసుకోగలవు. ఫ్లోర్ ప్లాన్, పోయిన మూడు నెలల నైట్ డ్యూటీ రోస్టర్ మాత్రం వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం తీరిగ్గా కూర్చుని చూసి ఫోన్ చేస్తాను.