‘లెన్స్’ స్పెల్లింగ్ తప్పు రాస్తే ఫొటోగ్రఫీ మానేయాలా?

ప్రశ్న: నల్గొండలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. సెలవుల్లో మామయ్య ఫొటో స్టూడియోలో పని చేస్తాను, పెళ్లిళ్లకూ వెళ్తాను. హైదరాబాద్‌లో ఒక వెడ్డింగ్ ఫొటోగ్రఫీ టీమ్‌కు రెజ్యూమే పంపితే ‘లెన్స్’ స్పెల్లింగే రాదా అని నవ్వారు. నేను చివర ‘ఈ’ పెట్టాను. తెలుగు మీడియం వాళ్లకు ఈ ఫీల్డ్ కుదరదా?

జవాబు: కుదురుతుంది. ఆ తప్పు మీడియంది కాదు, ఇంగ్లిష్ మీడియం పిల్లల రెజ్యూమేల్లోనూ చూస్తుంటాను. అమెరికా నిఘంటువు మెరియమ్-వెబ్‌స్టర్ అయితే మీరు రాసిన రూపాన్ని కూడా ఇచ్చింది, తక్కువగా వాడతారని చెబుతూ. అలాగని వాళ్లతో వాదనకు దిగకండి. ఎల్, ఈ, ఎన్, ఎస్. నాలుగక్షరాలే రాయండి.

చిక్కంతా బహువచనం దగ్గర. ‘లెన్సెస్’లో చివరి ఎస్ తీసేస్తే ఒకటి మిగులుతుందనుకుంటాం. ‘ఎక్స్‌పెన్సెస్’కు ఆ లెక్క సరిపోతుంది, దీనికి సరిపోదు. ‘బస్’ చివర ‘ఈ’ ఎవరూ పెట్టరు కదా, రెండు బస్సులైతేనే ‘ఈ, ఎస్’ చేరతాయి. లెన్స్ కూడా అంతే. చివర ఎస్ ఉంది కాబట్టి అదే బహువచనమనుకుని ‘టూ లెన్స్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అపాస్ట్రఫీ పెట్టి ఎస్ చేరిస్తే ‘లెన్స్ యొక్క’ అయిపోతుంది. తెలుగులో ఈ గొడవే లేదు, లెన్సులు అన్నా లెన్స్‌లు అన్నా సరే. ‘లెన్సెస్‌లు’ మాత్రం వద్దు బాబూ!

లాటిన్‌లో లెన్స్ అంటే మసూర్ గింజ. రెండు వైపులా ఉబ్బిన గాజుబిళ్ల అలాగే ఉంటుందని ఆ పేరు పెట్టారు. పొట్టు తీయని గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి.

నిజానికి మీరు నాకు పంపిన రెజ్యూమేలో నన్ను ఇబ్బంది పెట్టింది స్పెల్లింగ్ కాదు. ‘అన్ని లెన్సులూ వాడగలను’ అన్న లైను. ఏవి? మామయ్య బ్యాగులో ఉన్నవే రాయండి: 50 ఎంఎం ఎఫ్ 1.8 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది), 24-70 ఎంఎం, 70-200 ఎంఎం జూమ్‌లు, ఏవుంటే అవి. తలంబ్రాలప్పుడు స్టేజీ ముందు చుట్టాలంతా ఫోన్లు పట్టుకుని నిలబడితే ఏ లెన్స్‌తో ఎక్కడినుంచి తీశారో ఒక్క వాక్యంలో చెప్పండి. అసిస్టెంట్‌ను తీసుకునేవాళ్లు చూసేది అది.

ఫొటోలు పెళ్లివే పంపకండి. పానగల్ మీకు పక్కనే. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ ఉంది కదా, అనుమతి అడిగి దాన్ని తీయండి. ఫ్లాష్ వేస్తే నీడే పోతుంది. ఎఫ్ 1.8 ఎందుకు కావాలో ఆ మసక వెలుగులో తెలుస్తుంది.

డిగ్రీ కావాలంటే ఇంటర్ తర్వాత హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఫొటోగ్రఫీ ఉంది, నాలుగేళ్లు. ప్రవేశ పరీక్ష ఎఫ్‌ఏడీఈఈ (ఫైన్ ఆర్ట్స్ అండ్ డిజైన్ ఎంట్రన్స్ ఎగ్జామినేషన్). డ్రాయింగ్ ఇప్పటినుంచే సాధన చేయండి.

రెజ్యూమే సరిచేసి అదే టీమ్‌కు మళ్లీ పంపండి. సారీలు రాయొద్దు, పానగల్ ఫొటో జతచేయండి.