చచ్చినవాడికి బంగారు బూట్లెందుకురా

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు మూడూ చూశాను. మొదటిదాంట్లో డయాబ్లో 2 ఆటలో నీ సార్సరెస్, అదే మంత్రగత్తె, ఫార్ ఒయాసిస్ అనే చోట ఇసుకలో చచ్చి పడి ఉంది, రెండోదాంట్లో శవం మీది సామాను తెచ్చుకోడానికి ఒంటి మీద ఏమీ లేకుండా వెళ్లి ఆ పక్కనే మళ్లీ పడి ఉంది, మూడోది క్యారెక్టర్ పేజీ. కింద "పిన్నీ, ఇంతకంటే మంచి స్టాఫ్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగావు. రెండు శవాలు పక్కపక్కన పెట్టుకుని స్టాఫ్ అనే మంత్రాల కర్ర గురించి అడిగినవాడిని నిన్నే చూశాను.

నేను ఈ డయాబ్లో 2ను 2001లో లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పటి నుంచి ఆడుతున్నాను, 2021లో రిసరెక్టెడ్ అనే కొత్త రూపం వచ్చాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, చచ్చిన లెక్క ఎప్పుడో మర్చిపోయాను. కాబట్టి తిట్టడానికి నాకు హక్కుంది. తిట్టే ముందు నీ మూడో స్క్రీన్‌షాట్‌ని కాస్త దగ్గరగా చదువుదాం, ఎందుకంటే నిన్ను చంపింది ఎవరో అందులోనే రాసి ఉంది.

లైట్నింగ్ రెసిస్టెన్స్, అంటే మెరుపు దెబ్బని తట్టుకునే శక్తి, మైనస్ 40. ఆటలో నార్మల్, నైట్‌మేర్, హెల్ అని మూడు స్థాయిలు కదా, నువ్వున్న నైట్‌మేర్‌లో అడుగు పెట్టగానే ఆట నీ రెసిస్టెన్సులన్నిటిలోంచీ 40 కోసేస్తుంది. అంటే మైనస్ 40 ఉందంటే నువ్వు వేసుకున్న సామానంతటిలో కలిపి లైట్నింగ్‌కి ఒక్క పాయింటు కూడా లేదన్నమాట. అంతే కాదు, నార్మల్ అయిదో యాక్ట్‌లో బందీగా ఉన్న ఆన్యాని విడిపించి ఉంటే ఊళ్లో ఉండే మాలా ఒక స్క్రోల్ ఇస్తుంది, దాన్ని రైట్ క్లిక్ చేసి చదివితే అన్ని రెసిస్టెన్సులకీ 10 శాశ్వతంగా వస్తుంది. అది చదివి ఉంటే నీకు మైనస్ 30 ఉండాలి. కాబట్టి నువ్వు ఆ క్వెస్ట్ అసలు చేయకుండా ఆఖరి రాక్షసుడు బాల్ దగ్గరికి పరిగెత్తావు, లేకపోతే స్క్రోల్‌ని స్టాష్‌లో, ఆ సామాను పెట్టెలో, పడేసి మర్చిపోయావు. రెండోదే అని నా అనుమానం, నీ స్టాష్ నాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఇసుకలో తిరిగే నల్ల పురుగులు, ఆ బీటిల్స్, వాటిని కొడితే అవి ఊరికే చావవు, దెబ్బ తగిలినప్పుడల్లా నేల మీద పాకే మెరుపులు వదులుతాయి. 100 డ్యామేజ్ చేసే మెరుపు మైనస్ 40 ఉన్న నీకు 140 అయి తగులుతుంది. అదే 75 ఉన్నవాడికి 25. ఆ పురుగుకి నువ్వూ వాడూ ఒకటే, కానీ వాడికంటే నీకు అయిదు రెట్ల పైన దెబ్బ. ఇక నీ బ్లిజార్డ్ అనే మంచు మంత్రం ఎంత పెద్దదైతే అన్ని పురుగుల్ని ఒకేసారి కొడతావు, అన్ని మెరుపులు ఒకేసారి నీ కాళ్ల కిందకి వస్తాయి. ఇంకా పెద్ద స్టాఫ్ ఇస్తే ఇంకా తొందరగా చస్తావు, అంతే.

రెసిస్టెన్స్ 75 దగ్గర ఆగుతుంది, ప్రత్యేకమైన సామాను ఉంటే తప్ప అది దాటదు. చాలామంది 50 వచ్చింది కదా, సగం పైనే అయిపోయింది అనుకుంటారు. అది తప్పు లెక్క. 50 దగ్గర 100కి 50 తగులుతుంది, 75 దగ్గర 25 తగులుతుంది, అంటే ఆఖరి పాతిక పాయింట్లు మిగిలిన దెబ్బని సగానికి సగం కోస్తాయి. కింద నుంచి పైకి వెళ్లే కొద్దీ ఒక్కో పాయింటు విలువ పెరుగుతుంది. హెల్‌కి వెళ్తే కోత 100, అంటే 75 చూడాలంటే 175 కావాలి, మూడు స్థాయిల్లోనూ ఆన్యాని విడిపించి ఆ 30 తెచ్చుకున్నా ఇంకా 145 సామాను మీద నుంచే రావాలి. అందుకే ఇప్పటి నుంచే ఆ చూపు అలవాటు చేసుకోమంటున్నాను.

ఆ చూపు నాకు ఎలా అలవాటైందో చెప్తాను. ఒకప్పుడు హార్డ్‌కోర్‌లో, అంటే ఒకే ప్రాణం, పోతే పోయినట్టే, నాకు 83వ లెవెల్ బార్బేరియన్ ఉండేవాడు. కాళ్లకి పసుపు రంగు రేర్ బూట్లు, చూడ్డానికి ఏమీ ఉండవు, కానీ లైట్నింగ్ 36. ఒక రాత్రి గోర్ రైడర్ అనే బూట్ల జత దొరికింది. బంగారు అక్షరాలు, క్రషింగ్ బ్లో, డెడ్లీ స్ట్రైక్, ఓపెన్ వూండ్స్, కొట్టేవాడికి కావలసినవన్నీ ఉన్నాయి. రెసిస్టెన్స్ మాత్రం ఒక్కటీ లేదు. ఆ సంగతి నేను చూడలేదని కాదు, చూసి "పర్లేదులే" అనుకున్నాను. 75 కాస్తా 39 అయింది. పది నిమిషాల తర్వాత హెల్‌లో వరల్డ్‌స్టోన్ కీప్ రెండో అంతస్తులో పక్కకి తిరిగేసరికి చీకట్లో నీలం రంగు దీపాల్లాంటి సోల్స్, మెరుపులు విసిరే దయ్యాలు, నాలుగైదు తేలుతున్నాయి. మెరుపు ఎటు నుంచి వచ్చిందో కూడా చూడలేదు. ఆ కొత్త బూట్లతో నేను గట్టిగా రెండు వందల అడుగులు కూడా వేసి ఉండను. పైన పటారం లోన లొటారం అని మా అమ్మ దేన్ని చూసి అనేదో తెలీదు కానీ నాకు మాత్రం ఆ బూట్లే గుర్తొస్తాయి.

కాబట్టి పేరు రంగు చూసి వేసుకోవడం మానెయ్. బంగారు రంగు యూనిక్ అంటే దాని గుణాల లైన్లు ముందే రాసి ఉంటాయి, అవి నీకు పనికొస్తాయో లేదో వేరే సంగతి. మూడు రెసిస్టెన్సులున్న పసుపు బూట్లు నైట్‌మేర్‌లో చాలా యూనిక్ బూట్లని తలదన్నుతాయి. కొత్తది దొరికినప్పుడు వచ్చేది ఎంత అని మాత్రమే కాదు, తీసేదాంతో పోయేది ఎంత అని కూడా లెక్క వెయ్యి. వేసుకున్నాక క్యారెక్టర్ పేజీ తెరిచి నాలుగు రెసిస్టెన్సులూ చూడు. అన్నీ పెంచే ఓపిక లేకపోతే ముందు లైట్నింగ్, తర్వాత ఫైర్. పాయిజన్‌ని చివరికి వదిలెయ్, అది మెల్లగా తింటుంది, అప్పటికి నువ్వు ఊరికి వెళ్లే పోర్టల్ తెరుచుకోవచ్చు.

ఇక నీ కర్ర సంగతి. స్టాఫ్ రెండు చేతుల ఆయుధం, అది పట్టుకున్నావంటే షీల్డ్ లేదు. నీ చావుకి సగం కారణం ఆ ఖాళీ చెయ్యే. నార్మల్ అయిదో యాక్ట్‌లో మౌంట్ అరియాట్ మీద సైనికుల్ని విడిపించినందుకు క్వాల్-కెక్ అనే అతను నీకు మూడు రూన్లు, అంటే సామాను మీది గుంతల్లో, అదే సాకెట్లలో, గుచ్చే మంత్రాక్షర రాళ్లు, ఇచ్చి ఉంటాడు: రాల్, ఓర్ట్, టాల్. చాలామంది వాటిని సామాను కలిపి వేరేది చేసే క్యూబ్‌లో కరిగించేస్తారు, లేదంటే కనబడ్డ కత్తిలో గుచ్చేస్తారు. నువ్వు ఇంకా ఆ పని చేసి ఉండకపోతే మూడు సాకెట్లున్న షీల్డ్ ఒకటి వెతుక్కుని రాల్, ఓర్ట్, టాల్ అదే వరసలో పెట్టు. ఏన్షంట్స్ ప్లెడ్జ్ అనే రూన్‌వర్డ్, అంటే రూన్లు సరైన వరసలో కలిస్తే వచ్చే ప్రత్యేక సామాను, అవుతుంది. కోల్డ్‌కి 43, మిగతా మూడింటికీ 48. ఒక్క షీల్డ్‌తో నీ మైనస్ 40 కాస్తా 8 అవుతుంది, ఆ మర్చిపోయిన స్క్రోల్ చదివితే 18. గొప్ప అంకె కాదు, కానీ 140 తగిలే చోట 82 తగులుతుంది, పోషన్ నొక్కడానికి టైమ్ ఉంటుంది.

వరస అన్నాను చూశావా, అక్కడ జాగ్రత్త. రూన్‌వర్డ్‌కి సాకెట్లు సరిగ్గా అన్నే ఉండాలి, ఒకటి ఎక్కువైనా అవ్వదు, సామాను పేరు నీలమో పసుపో అయి ఉండకూడదు, తెలుపు లేదా బూడిద రంగులో ఉండాలి. నేను మొదటిసారి స్టెల్త్ అనే ఇంకో రూన్‌వర్డ్ చేద్దామని టాల్ తర్వాత పెట్టాల్సిన ఎత్‌ని ముందు గుచ్చాను. రెండు రూన్లు పోయి, ఏ పేరూ రాని చొక్కా ఒకటి మిగిలింది. ఆ స్టెల్త్ నీకూ కావాలి. రెండు సాకెట్ల ఆర్మర్‌లో ముందు టాల్, తర్వాత ఎత్. అది పరుగు వేగం, మంత్రం వేసే వేగం, దెబ్బ నుంచి తేరుకునే వేగం, మూడింటికీ 25 శాతం చొప్పున ఇస్తుంది.

ఆ మూడోది ఎవరూ పట్టించుకోరు కానీ సార్సరెస్‌కి అది ప్రాణం. నీ మొత్తం లైఫ్‌లో పన్నెండో వంతు కంటే ఎక్కువ దెబ్బ ఒక్కసారి తగిలితే క్యారెక్టర్ ఒక్క క్షణం వంగిపోతుంది, ఆ క్షణంలో నువ్వు ఏ బటన్ నొక్కినా లాభం లేదు. చుట్టూ నలుగురు ఉంటే ఒకడి తర్వాత ఒకడు కొడతారు, నువ్వు వంగే ఉంటావు. "టెలిపోర్ట్ నొక్కాను పిన్నీ, పని చేయలేదు" అన్నావు కదా, నొక్కావు, అది నిజమే, కానీ నీ సార్సరెస్ అప్పటికి వంగిపోయి ఉంది. అందుకే లైఫ్ ఎక్కువ ఉండాలి, అప్పుడు పన్నెండో వంతూ పెద్దదవుతుంది. నువ్వేమో పాయింట్లన్నీ ఎనర్జీలో పోశావు. మంత్రాలకి ఖర్చయ్యే మానా నిండు కుండలా ఉంది, లైఫ్ చూపించే ఎర్ర గోళం మాత్రం ఒక్క దెబ్బకి ఖాళీ. స్ట్రెంగ్త్ వేసుకునే సామానుకి సరిపడా, మిగతాదంతా వైటాలిటీ. ఇప్పటికే పోసేశాను అని ఏడవక్కర్లేదు, డెన్ ఆఫ్ ఈవిల్ క్వెస్ట్ చేసినందుకు మొదటి యాక్ట్ ఊళ్లోని అకారా ఒక్కో స్థాయిలో ఒక్కసారి పాయింట్లన్నీ వెనక్కి ఇస్తుంది. మా రోజుల్లో 1.13 ప్యాచ్ వచ్చేదాకా ఆ వసతి లేదు, తప్పు చేస్తే మళ్లీ ఒకటో లెవెల్ నుంచే.

మానా ఎలా అంటావా, దానికి నీ వెంట తిరిగే మనిషి ఉన్నాడు. రెండో యాక్ట్ మెర్సినరీని తీసుకో, నాలుగు సాకెట్ల పోల్‌ఆర్మ్, అంటే పొడవాటి పిడి ఉన్న ఆయుధం, వాడికిచ్చి అందులో రాల్, టిర్, టాల్, సోల్ పెట్టు, ఇన్‌సైట్ అవుతుంది, దాని మెడిటేషన్ ఆరా వల్ల నువ్వు ఎంత వాడినా మానా నిండుతూనే ఉంటుంది. ఎథీరియల్ పోల్‌ఆర్మ్ దొరికితే ఇంకా మంచిది. రిపేర్ కాదని నువ్వు పారేసే ఆ సామానుకి డ్యామేజ్ ఒకటిన్నర రెట్లు ఉంటుంది, మెర్సినరీ చేతిలో అది అరగదు. వాడు చస్తున్నప్పుడు షిఫ్ట్ పట్టుకుని బెల్ట్ నంబర్ నొక్కితే పోషన్ వాడికి వెళ్తుంది. నాకు ఇది తెలియడానికి ఎన్నాళ్లు పట్టిందో చెప్పను, సిగ్గేస్తుంది.

బెల్ట్ అన్నాను కాబట్టి ఇంకో మాట. నీ మొదటి స్క్రీన్‌షాట్‌లో కింద చూడు. చచ్చి పడి ఉన్నావు, బెల్ట్‌లో ఊదా సీసాలు నాలుగూ నాలుగులాగే ఉన్నాయి. ఎవరి కోసం దాచావురా? ఎర్ర సీసా మెల్లగా ఎక్కుతుంది, ఊదాది ఆ క్షణంలోనే ఎక్కుతుంది, ఫుల్ రిజువనేషన్ అయితే లైఫ్, మానా రెండూ నిండిపోతాయి. అయిపోతాయని భయమైతే క్యూబ్‌లో చేసుకో: ఎర్రవి మూడు, నీలంవి మూడు, ఒక చిప్డ్ జెమ్ వేస్తే మామూలు రిజువనేషన్, చిప్డ్ బదులు పేరు ముందు ఏ విశేషణమూ లేని మామూలు జెమ్ వేస్తే ఫుల్. లైఫ్ సగానికి దిగగానే నొక్కడం వేళ్లకి అలవాటవ్వాలి, ఆలోచించి నొక్కేంత టైమ్ ఉండదు. నీ బెల్ట్ కూడా మూడు వరసలదే, ప్లేటెడ్ బెల్ట్ తెచ్చుకుంటే నాలుగు వరసలు, పదహారు సీసాలు.

శవం దగ్గరికి ఖాళీ ఒంటితో పరిగెత్తడం మాత్రం మళ్లీ చేయొద్దు. ఆ పురుగులు అక్కడే కూర్చుని ఉంటాయి. సేవ్ చేసి బయటికొచ్చి కొత్త గేమ్ పెట్టు, నీ శవం ఊళ్లో నీ పక్కనే ఉంటుంది. చావుకి పోయిన ఎక్స్‌పీరియన్స్ నైట్‌మేర్‌లో 5 శాతమే, పోనీ. రెండోసారి చచ్చి ఇంకో 5 కట్టడం కంటే అది నయం. పెద్ద గొడవ మొదలయ్యే ముందే పోర్టల్ తెరిచి పెట్టుకో, అనుమానం వస్తే దూకెయ్, బతికుంటే బలుసాకు తినొచ్చు.

వేట సంగతి క్లుప్తంగా. చచ్చే చోట వేటాడకు, నువ్వు నిద్రలో కూడా గెలిచే చోట వేటాడు. నీకు రూన్లు కావాలి కాబట్టి నార్మల్‌కి తిరిగి వెళ్లి బ్లాక్ మార్ష్‌లో టవర్ కింద కౌంటెస్ అనే రాక్షసిని కొట్టు, టాల్, ఎత్, రాల్ అక్కడే పడతాయి, ఇరవై సార్లకి నీకు కావలసినవి వచ్చేస్తాయని మాటివ్వలేను కానీ విసుగు మాత్రం ఖాయం. మేజిక్ ఫైండ్, అంటే మంచి సామాను పడే అవకాశం పెంచుకునే పిచ్చి, ఇప్పుడే వద్దు. దాని కోసం రెసిస్టెన్స్ ఉంగరాలు తీసేసినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్ల సామానంతా బాగానే ఉంటుంది, వాళ్లే ఉండరు. ఇన్వెంటరీలో చిన్న చార్మ్‌లకి, సంచిలో ఉంటే చాలు పనిచేసే తాయెత్తులకి, మాత్రం చోటు ఉంచు. ఒక్క గడి పట్టే చార్మ్ లైట్నింగ్‌కి 8 ఇస్తే, నువ్వు మోసే ఆ అమ్ముడుపోని గొడ్డళ్ల కంటే అది వంద రెట్లు నయం.

ఈ రాత్రికి చేయాల్సింది ఇదీ. ముందు స్టాష్ అడుగున స్క్రోల్ ఉందో లేదో చూడు. ఉంటే చదివెయ్. లేకపోతే నార్మల్ అయిదో యాక్ట్‌కి వెళ్లి క్రిస్టలైన్ పాసేజ్ లోంచి ఫ్రోజెన్ రివర్‌లోకి దిగు, ఆన్యా అక్కడే మంచులో గడ్డకట్టి ఉంటుంది, ఆవిడ దగ్గర ఒకసారి ఆగి, మాలా దగ్గరికి వెళ్లి మందు తెచ్చి, మళ్లీ ఆవిడ దగ్గరికి. అయ్యాక మాలాతో మాట్లాడటం మర్చిపోకు, స్క్రోల్ ఇచ్చేది ఆవిడే. తర్వాత కర్ర కింద పెట్టి షీల్డ్ పట్టుకో. అప్పుడు మూడో స్క్రీన్‌షాట్ మళ్లీ పంపు, అదొక్కటి చాలు, ఆ మొదటి రెండూ నాకొద్దు.

మీ పిన్ని

తా.క. ఆ గోర్ రైడర్ లాంటిది నీకూ దొరుకుతుంది. దొరికితే స్టాష్‌లో పెట్టి ముందు నాకు చెప్పు, కాళ్లకి మాత్రం వేసుకోకు.